లాకుల తాళం ఎవరి చేతిలో?

ఈ మధ్య మన విద్యార్థి మిత్రులలోనూ, కొందరు ఉపాధ్యాయ మిత్రులలోనూ ఒక కొత్త ఆశ తలయెత్తింది. ట్విట్టరు మస్కు పాలయింది. ఫేస్‌బుక్కు, వాట్సాపు, ఇన్‌స్టాగ్రాము మూడూ జుకర్‌బర్గు దొడ్లో కట్టేసిన గొడ్లే. కనుక మనమంతా మూటాముల్లే సర్దుకుని మాస్టడాన్ వంటి వికేంద్రీకృత వేదికలకు తరలిపోదాం, అక్కడ యజమాని అనేవాడే లేడు, పైగా అక్కడ మరిన్ని మంచి హంగులు రానున్నవి, అవి వస్తే మన ఇబ్బందులు సగానికి సగం తీరినట్లే – ఇదీ ఆ ఆశ. ఈ వాదనలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. కోట్లాది మంది మాటామంతీ ఇద్దరు ముగ్గురు కోటీశ్వరుల గుప్పిట్లో ఉండటం ప్రజాస్వామ్యానికి తగదని ఒప్పుకోనివాడితో చర్చే అనవసరం. నా పేచీ అంతా రెండో సగంతోనే. హంగులు వస్తే యాజమాన్యం దానంతటదే పోతుందనే భ్రమ మనలో వేరూనకముందే దాన్ని కాస్త తవ్వి చూడవలసి ఉన్నది.

విషయం తెలియని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. మాస్టడాన్ అనేది ఒక కంపెనీ నడిపే ఒకే ఒక వేదిక కాదు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే యువకుడు ప్రారంభించిన సాఫ్ట్‌వేరు అది. దాని కోడు బహిరంగం. ఎవరైనా తీసుకుని తమ సర్వరు మీద పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పదిమంది వాడకానికి పెట్టినప్పుడు ఆ మార్పులను కూడా బయటపెట్టాలన్నది షరతు. ఇలా వెలసిన వేలాది సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ఒప్పందం ప్రకారం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018లో దీన్ని ప్రమాణంగా సిఫారసు చేసింది. ఒక సర్వరులో ఖాతా ఉన్నవాడు మరో సర్వరులో ఉన్నవాడి రాతలు చదవవచ్చు, జవాబు ఇవ్వవచ్చు – బెజవాడ తపాలా పెట్టెలో వేసిన కార్డు బందరులో అందినట్లు.

డెల్టాలో పుట్టి పెరిగినవారికి దీన్ని ఇంకా తేలికగా చెప్పవచ్చు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచింది. 1957లో దాని స్థానే ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతలి ఒడ్డున పశ్చిమ డెల్టా కాలువలు, వాటి కింద పంట కాలువలు, ఆ కింద బోదెలు – మొత్తం సుమారు 13 లక్షల ఎకరాలకు పారుదల. పటం మీద చూస్తే ఇంతకు మించిన వికేంద్రీకరణ ఎక్కడున్నది? కాని నీరు ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో తేల్చేది తలకాయ దగ్గర. నీటి ఎద్దడి వచ్చి వంతులు పెట్టిన ఏడు కృత్తివెన్నులోనో నాగాయలంకలోనో శివారు రైతును అడిగి చూడండి, కాలువలు ఎన్ని ఉన్నవో అతడు లెక్క చెప్పడు. లాకుల దగ్గర ఎవడున్నాడో చెబుతాడు. 1997లో రైతుల చేతికే నీటి యాజమాన్యమంటూ చట్టం చేసి ఊరూరా నీటి సంఘాలు పెట్టారు. ఎన్నికలు జరిగినవి, బోర్డులు వెలసినవి. డబ్బూ, ఇంజనీరూ, లాకుల తాళమూ మాత్రం చాలావరకు శాఖ దగ్గరే ఉండిపోయినవి. కాలువలు చీలినంత మాత్రాన అధికారం చీలదని మనకు ఎవరూ పుస్తకం చూసి చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మన దేశం నుంచి మాస్టడాన్‌కు మొదటి వలస 2019 నవంబరులో జరిగింది. సుప్రీంకోర్టు సీనియరు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టరు నిలిపివేసింది. ఆయన నేరమల్లా, గుంపంతా నాజీ వందనం చేస్తూంటే చేతులు కట్టుకుని నిలబడిన ఒక జర్మను కార్మికుని పాత ఫోటో పెట్టటం! దానితో వేలాది మంది కోపించి మాస్టడాన్‌లో చేరారు. నెలలు తిరక్కుండానే అత్యధికులు వెనక్కి వచ్చారు. రెండో వలస 2022 అక్టోబరులో మస్కు ట్విట్టరును కొన్న తరువాత. ఆ ఏడాది చివరకు మాస్టడాన్‌ను నెలనెలా వాడేవారు 25 లక్షలు దాటారని రోచ్కో ప్రకటించాడు. ఆ తరువాత ఆ సంఖ్య బాగా పడిపోయింది. ఈ వెనుదిరగటానికి కారణం హంగుల కొరతేనని మన మిత్రులు సెలవిస్తున్నారు. అక్కడ ఉటంకింపు లేదు, వెతకటం కష్టం, ఎవరిని అనుసరించాలో తెలియదు, కనుక వచ్చినవాళ్లు పోయారు. ఇప్పుడా లోపాలు పూడుతున్నవి, కనుక ఈసారి వెళ్లినవాళ్లు నిలుస్తారట.

నేను దీన్ని నమ్మను. హంగులన్నీ ఉండి, తెలుగు కూడా ఉండి, మంత్రుల ఆశీర్వాదం కూడా ఉండిన ఒక వేదికను మనం కళ్లారా చూశాం కదా! బెంగుళూరు కంపెనీ ఒకటి 2020లో ‘కూ’ అనే దాన్ని తెచ్చింది. భారతీయ భాషలే దాని పెట్టుబడి. తెలుగు కూడా వాటిలో ఒకటి. కేంద్ర ప్రభుత్వం ఆత్మనిర్భర్ పోటీలో దానికి బహుమానం ఇచ్చింది. 2021లో రైతు ఉద్యమం విషయమై ట్విట్టరుతో తగాదా పడినప్పుడు మంత్రులు స్వదేశీ పేరుతో అందులో కొలువు తీరారు. విదేశీ పెట్టుబడి సంస్థలే దాని స్వదేశీకి మదుపు పెట్టాయన్నది వేరే సంగతి. మదుపు ఆగింది, 2024 జూలైలో అది మూతబడింది. అందులో నాలుగేళ్లపాటు తెలుగులో రాసుకున్నవారి రాతలకు వారసుడెవరు? అంతకు ముందు 2005 తరువాతి పదేళ్లలో ‘కూడలి’, ‘హారం’ వంటి సంకలినుల చుట్టూ తెలుగులో ఎంత చక్కని చర్చ జరిగిందో తెలిసినవారు ఇంకా ఉన్నారు. అక్కడ ఎవరి రాత వారి ఇంట్లో ఉండేది, కూడలిలో శీర్షికలు మాత్రం కలిసేవి. ఆ పేరు లేకపోయినా అది అక్షరాలా వికేంద్రీకరణే. ఒకరిద్దరి ఓపిక మీద, జేబు మీద అది ఆధారపడింది. ఆ ఓపిక తీరగానే మూతబడింది, జనం ఫేస్‌బుక్కుకు పోయారు. కంపెనీ చేతిలో ఉన్నది మదుపు ఆగితే పోతుంది, వ్యక్తి చేతిలో ఉన్నది ఓపిక తీరితే పోతుంది. ఈ రెంటికీ మందు ఏ హంగులోనూ లేదు.

ఇప్పుడు ఆ హంగులలో ఒకదాన్ని గురించి కాస్త వివరంగా మాట్లాడతాను. సాహిత్యం పాఠం చెప్పుకునేవాడికి అది తన ఇంటి విషయం.

ఒకరి రాతను అలాగే చూపిస్తూ దాని మీద మన వ్యాఖ్య రాయటం – దీన్ని ఉటంకింపు అందాం. ట్విట్టరులో ఇది 2015 నుంచీ ఉన్న ముఖ్యమైన ఆయుధాలలో ఒకటి. రోచ్కో చాలాకాలం దీన్ని మాస్టడాన్‌లోకి రానివ్వలేదు. ఒకణ్ణి పదివేల మంది ముందు నిలబెట్టి ఎగతాళి చేయటానికి ఇది దారి తీస్తుందని ఆయన వాదం. అమెరికాలోని నల్లజాతి వాడుకదారులు దీనికి గట్టిగా ఎదురు చెప్పారు: పైవాడి మాటను పట్టుకుని కిందివాడు జవాబు చెప్పే పద్ధతి ఇది, దీన్ని తీసివేస్తే నష్టం మాదే అన్నారు. చివరకు 2025 నవంబరులో వచ్చిన 4.5 కూర్పులో ఉటంకింపు ప్రవేశించింది. అయితే ఒక మెలికతో. తన రాతను ఎవరు ఉటంకించవచ్చునో రాసినవాడే నిర్ణయించవచ్చు: అందరూనా, తన అనుచరులు మాత్రమేనా, ఎవరూ వద్దా. ఒకసారి ఒప్పుకున్న తరువాత కూడా మనసు మార్చుకుని, ఇతరుల వ్యాఖ్యలోంచి తన రాతను వెనక్కి లాక్కోవచ్చు.

దీన్ని ఎంతో సున్నితమైన, మానవీయమైన ఏర్పాటుగా కొందరు పొగుడుతున్నారు. ఒక మేరకు నిజమే. గుంటూరులోనో గుడివాడలోనో ఇంజనీరింగు చదువుకునే ఒక అమ్మాయి ఏదో సినిమా హీరో మీద నాలుగు మాటలు రాసినందుకు ఆ అభిమాన సేన ఆమె మీద ఎలా విరుచుకుపడుతుందో, ఆమె రాతను ఎలా ఊరేగిస్తుందో మన తెలుగువారికి కొత్తగా చెప్పాలా? ఆ అమ్మాయి చేతిలో ఈ తాళం ఉండవలసిందే.

కాని అదే తాళం మంత్రి చేతిలో ఉంటే? కార్పొరేటు కళాశాల అధిపతి చేతిలో ఉంటే? ఫీజుల గురించి ఒక ప్రకటన చేస్తాడు; దాన్ని ఉటంకించి ఖండించే హక్కు ఎవరికీ లేదని ఒక్క మీట నొక్కుతాడు. లేదా మూడు రోజులు ఊరుకుని, ఖండన జనంలోకి పోయిందని తెలియగానే తన మాటను అందులోంచి పెరికివేస్తాడు. మిగిలేది, దేనిని ఖండిస్తున్నదో తెలియని ఒక ఖండన. ఫోటో తీసి పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, కాని ఫోటోకు మూలంతో లంకె ఉండదు, అది కల్పితమని అవతలివాడు చెబితే తేల్చుకునే దారి ఉండదు. దొంగ ఫోటోల కాలంలో అసలు ఫోటోకు కూడా విలువ పోయింది.

మన విమర్శ సంప్రదాయమంతా పూర్వపక్షం మీద నిలబడింది. ఎదుటివాడి మాటను అతని మాటల్లోనే చెప్పి, ఆ తరువాతనే సిద్ధాంతం చేయాలి. వ్యావహారిక భాషోద్యమాన్నే తీసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారి బలం ఎక్కడున్నది? గ్రాంథికవాదుల రాతలనే ఎత్తి చూపి, మీ నియమాలను మీరే పాటించలేకపోతున్నారు సుమా అని వాక్యం వాక్యం నిరూపించటంలో ఉన్నది. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అన్న గ్రంథానికి ఆ పండితుల రాతలే ముడిసరుకు. వారి అనుమతి తీసుకుని ఆయన ఆ పుస్తకం రాయవలసి వస్తే ఏమయ్యేది? మనం ఇవాళ కూడా బడిలో గ్రాంథికంలోనే సెలవుచీటీ రాస్తూండేవాళ్లం! అనుమతి లేనిదే విమర్శ లేదన్న సూత్రం బలహీనునికి డాలు, బలవంతునికి కోట. రెండింటినీ ఒకే మీట కింద పెట్టటం ఉదారవాదుల పాత అలవాటు. హక్కులు అందరికీ సమానమంటారు. కొట్టేవాడికీ దెబ్బ తినేవాడికీ మధ్య ఉన్న తేడాను మాత్రం లెక్కలోకి రానివ్వరు.

సాఫ్ట్‌వేరుకు ఈ తేడా తెలియదు, తెలియాలని కోరటం కూడా అవివేకం. తేడా తెలిసేది మనుషులకు. ప్రజా పదవిలో ఉన్నవారూ, సంస్థల పేరిట ప్రకటనలు చేసేవారూ తమ ప్రకటనల మీద ఉటంకింపు నిషేధం పెట్టరాదు, అలా చేస్తే ఖాతా ఉండదు – అని ఒక సర్వరు సభ్యులు సమావేశమై నియమం చేసుకోవచ్చు. సర్వరు వారిదైతే! కనుక హంగు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న తిరిగి తిరిగి సర్వరు ఎవరిదన్న ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతున్నది.

రానున్నవని చెబుతూన్న తక్కిన హంగులను గురించి నాకింత ఆవేశం లేదు. కొత్తవారికి ఎవరిని అనుసరించాలో సూచించే జాబితాలట, మంచిదే. ఆ జాబితాలు ఎవరు కూరుస్తారు, వాటిలో తెలుగువారెందరు ఉంటారు అన్నదే ప్రశ్న. ఇద్దరి మధ్య రహస్యంగా సాగే సందేశాలను మూడోవాడు చదవలేని విధంగా ముద్రవేసే ప్రయత్నాలు కూడా సాగుతున్నవి. ఇది మాత్రం త్వరగా రావాలి. మాస్టడాన్‌లో పంపే ఆంతరంగిక సందేశాలు ఇంతవరకు సర్వరు నిర్వాహకుడు తలచుకుంటే చదవగలిగినవే. విద్యార్థి సంఘాల మిత్రులు దీన్ని గుర్తుంచుకుని గాని అక్కడ నోరు విప్పకూడదు.

హంగుల చర్చలో బొత్తిగా వినిపించనిది భాష. 2021లో బయటపడ్డ ఫేస్‌బుక్కు పత్రాల గొడవలో తేలిన సంగతి ఒకటున్నది: రాజ్యాంగం గుర్తించిన 22 భాషలలో ఆ కంపెనీ తన యంత్రాలకు నేర్పినవి అయిదే. తిట్టునూ బెదిరింపునూ పసిగట్టే పనిలో తక్కిన భాషలు దాదాపు అనాథలన్నమాట. మరి వికేంద్రీకృత వేదికలలో మన స్థితి ఏమిటి? మాస్టడాన్ మెనూల తెలుగు అనువాదాన్ని స్వచ్ఛందంగా కొందరు మొదలుపెట్టారు. చాలా భాగం ఇంగ్లీషులోనే మిగిలిపోయింది. ఒక జర్మను సర్వరులో ఖాతా ఉన్న తెలుగు అమ్మాయిని ఇంకెవడో తెలుగులో కులం పేరెత్తి తిడితే, ఆమె ఫిర్యాదు ఆ సర్వరు నిర్వాహకునికి పోతుంది. అతడు ఎంత సజ్జనుడైనా ఆ మాటలోని విషం అతనికి అందదు. అనువాద యంత్రం ఆ తిట్టును ఒక వృత్తి పేరుగా చూపించి ఊరుకుంటుంది. తెలుగులో తిట్టంటే ఏమిటో తెలిసిన మనిషి తెలుగు సర్వరులో కూర్చుంటే తప్ప దీనికి పరిష్కారం లేదు.

ఇక్కడ మన శిబిరంలోని మరో రకం మిత్రులకు జవాబు చెప్పాలి. సాఫ్ట్‌వేరు గొడవ మధ్యతరగతి కాలక్షేపం, అసలు పోరాటం పొలాల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ ఉన్నది, దీని మీద కాగితం ఖర్చు చేయటం దండగ అంటారు వీరు. అయ్యా, మీ జిల్లా మహాసభ కబురు మీకు ఎలా వచ్చింది? వాట్సాపులో! 1952లో విజయవాడలో విశాలాంధ్ర దినపత్రిక పెట్టినప్పుడు అచ్చు యంత్రం ఎవరి దగ్గరుండాలన్నది కాలక్షేపం ప్రశ్నగా ఎవరికీ తోచలేదు. ఇవాళ యంత్రం మారింది, ప్రశ్న మారలేదు. మా ప్రాంతంలో ఒక విద్యార్థి పఠనచక్రం మూడేళ్లుగా నడిపిన పుటను ఒక పెద్ద కంపెనీ ఒక ఉదయం కారణం చెప్పకుండా తీసివేసింది. వ్యాసాలు, ఉపన్యాసాల రికార్డులు, చర్చలు అన్నీ పోయినవి. పిల్లలు పెట్టుకున్న అర్జీకి ఒక యంత్రం జవాబిచ్చింది.

అలాగని సాఫ్ట్‌వేరే విముక్తి అనేవారికి కూడా ఒక మాట. 2019లో గాబ్ అనే అమెరికా తీవ్ర మితవాద వేదిక మాస్టడాన్ కోడునే తీసుకుని తన ఇల్లు కట్టుకుంది. 2021లో ట్రంపుగారి ట్రూత్ సోషల్ కూడా దాని మీదనే లేచింది. మూలం చెప్పకుండా దాచబోయి పట్టుబడి, ఆ తరువాత కోడు బయటపెట్టారు. 2024లో మెటా కంపెనీ తన థ్రెడ్స్‌ను యాక్టివిటీపబ్‌కు కలపటం మొదలుపెట్టింది. జమీందారు తన చెరువును ఊరి కాలువతో కలుపుతానంటే సంతోషించేవారు సంతోషించవచ్చు. నీరు ఎటు పారుతుందో చూడటానికి నేలవాలు తెలిస్తే చాలు. చాలా సర్వర్లు 2023లోనే థ్రెడ్స్‌ను రానివ్వబోమని ప్రకటించినవి. అది తమ సర్వరు తమ చేతిలో ఉన్నవారు మాత్రమే చేయగల పని.

మన గడ్డ మీద దీనికి పాత పాఠం ఒకటున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరూ తిరిగారు. ఎక్కడి గ్రంథాలయం అక్కడి వారిదే. చందాలు వారివే, సంఘం వారిదే. కేంద్ర సంఘం చేసినది కలపటం, నేర్పటం మాత్రమే. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ పడవ ఎంత చక్కని హంగు! అయినా అది పై నుంచి ఊడిపడలేదు. చదివేవారే సంఘంగా ఉన్నచోట, ఆ సంఘం అవసరంలోంచి పుట్టింది. తరువాత 1960 చట్టం వచ్చింది. ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు అన్నారు. ప్రజల డబ్బు గ్రంథాలయాలకు చట్టబద్ధంగా రావటం గొప్ప విజయం, సందేహం లేదు. కాని ఊరి సంఘం వెనక్కి పోయి శాఖ ముందుకు వచ్చింది. పన్నుతో వసూలైన సెస్సును మునిసిపాలిటీలు, పంచాయితీలు గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం మామూలైపోయింది. ఇవాళ ఆ శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పిల్లలు తప్ప మరొకరు కనిపించటం అరుదు. గ్రంథాలయం మాది అని ఊరు అనుకోవటం మానేసిన రోజునే సగం మూతబడింది.

మన సర్వరు మనం పెట్టుకోవటం తేలిక అని నేను అనను. 2021 ఐటి నియమాల ప్రకారం చిన్న మాధ్యమమైనా ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి; ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో చెప్పాలి, గడువులోగా తేల్చాలి. మెటాకు వకీళ్ల సైన్యం ఉన్నది; పఠనచక్రానికి బి.టెక్. మూడో సంవత్సరం చదివే కుర్రవాడు ఒకడున్నాడు. రేపు పోలీసు నోటీసు వస్తే ఆ ఒక్కడి పేరిట వస్తుంది. అందుకే సర్వరు ఒక వ్యక్తి పేరిట ఉండరాదు. ఇక సర్వరు మనదైనా తీగ మనది కాదు. 2022 మేలో జిల్లా పేరు మీద అల్లర్లు జరిగినప్పుడు కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆపివేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే కుర్రకారు సిగ్నలు కోసం గోదావరి ఒడ్డుకు పరుగులు తీశారు. ఆ రోజుల్లో మాస్టడానూ ఒకటే, ఫేస్‌బుక్కూ ఒకటే. దీనికి జవాబు సాఫ్ట్‌వేరులో వెతకవద్దు. ఆ ఉత్తర్వులను ప్రశ్నించే పౌరహక్కుల ఉద్యమంలో వెతకండి.

అయితే హంగుల విషయంలో మనం కోరదగినదేమీ లేదా? ఒకటున్నది, దాన్ని గురించి మాత్రం గొంతు చించుకుని అరవవలసిందే. మాస్టడాన్‌లో ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు ఇల్లు మారితే అనుచరులు మనవెంట వస్తారు. పాత రాతలు రావు. కౌలుదారు ఊరు మారితే పశువులను తోలుకుపోవచ్చు గాని గాదెలో ధాన్యం వదిలివేయాలన్నట్లున్నది ఇది! రాతలతో సహా కదిలే హక్కు లేనంతకాలం సర్వరు నిర్వాహకుడు చిన్న భూస్వామే. బ్లూస్కై అనే మరో వేదిక ఈ హక్కు తన పద్ధతిలో ఉన్నదని చెప్పుకుంటున్నది. కాని అందులో జనం అత్యధికంగా ఆ ఒక్క కంపెనీ సర్వర్ల మీదనే ఉన్నారు. తలుపు తెరిచే ఉన్నది, పోవటానికి మరో ఇల్లు లేదు.

కనుక ఇల్లు కట్టడం గురించే మాట్లాడదాం. సోషల్ డాట్ కోప్ అనే సర్వరు 2017 నుంచి సహకార పద్ధతిలో నడుస్తున్నది. సభ్యులే చందా కడతారు, నియమాలు వారే ఓటు వేసి చేసుకుంటారు. పాల సంఘాలూ, పరపతి సంఘాలూ నడిపిన కృష్ణా జిల్లాకు ఈ పద్ధతి కొత్తదా? హైదరాబాదులో 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పని చేస్తున్నది. సాంకేతిక సహాయానికి అడగదగిన చోటు అది. ఒక చిన్న సర్వరు నెల అద్దె, మన సాహిత్య సభల్లో టీలకూ శాలువాలకూ అయ్యే ఖర్చును మించదు. శాలువాలు మానేస్తే మిగులు కూడా ఉంటుంది. కావలసింది మనుషుల వేళ. తెలుగు ఫిర్యాదు వస్తే రాత్రి పదకొండు గంటలకైనా చదివి తేల్చేవారు కావాలి, వారిలో సగమైనా ఆడవారుండాలి, దళితులుండాలి. లేకపోతే ఏది తిట్టు, ఏది కాదు అన్నది మళ్లీ అగ్రవర్ణపు మగవాడే తేలుస్తాడు. రెండు మూడు కళాశాలల నుంచి పన్నెండు మంది ముందుకు వస్తే వారానికొకరు చొప్పున వంతులు వేసుకోవచ్చు, మూడు నెలలకొకసారి వంతు వస్తుంది. ఒక వారానికి నా పేరు వేసుకోండి.